గ్రెగర్ మెండెల్ – రంగు చేపల వంశలెక్క

గాజు తొట్టెలో నీరు నింపి, రంగురంగుల చేపలను వదలి, వాటి విహారాన్ని చూచి ఆనందించే అలవాటు నేడు మన పట్టణాలలో సామాన్య గృహస్థుల ఇండ్లకు కూడా వ్యాపించింది. తొట్టె కొన్న కొద్ది మాసాలకే గప్పీ చేప పిల్లలను పెడుతుంది. తండ్రి తోక నీలం, తల్లి ఒళ్ళంతా బూడిద వర్ణం. మరి పిల్లలు ఏ రంగు తేలుతాయి? ఈ ప్రశ్న వేయని పిల్లవాడుండడు. సరియైన సమాధానం చెప్పగల పెద్దలు మాత్రం అరుదు. చేపలమ్మే వర్తకుణ్ణి అడిగితే, అంతా అదృష్టమంటాడు. అందులో ఒక లెక్క ఉన్నదనీ, ఆ లెక్కను పిల్లలు పుట్టకముందే కాగితం మీద వేసుకోవచ్చుననీ లోకానికి చూపిన మహనీయుని జీవితాన్ని ఈ వ్యాసంలో సంగ్రహంగా వివరించదలచాము. ఆయన చేపలను పెంచినవాడు కాడు. బఠాణీ మొక్కలను పెంచినవాడు. ఉపాధ్యాయ అర్హత పరీక్షలో కృతార్థుడు కాలేకపోయిన బడిపంతులు, ఒక క్రైస్తవ మఠంలో సన్యాసి. పేరు గ్రెగర్ మెండెల్.

జీవుల రంగుల మీద మనిషికి మోజు ఈనాటిది కాదు. అక్బరు చక్రవర్తి ఆస్థానంలో ఇరవై వేలకు పైగా పావురాలుండేవనీ, మంచి జాతులను ఏరి జతపరచి కొత్త రంగులను సాధించేవారనీ అబుల్ ఫజల్ తన ఆయినె అక్బరీలో వివరంగా వ్రాశాడు. హైదరాబాదు పాతనగరంలో కబూతర్‌బాజీ నేటికీ పూర్తిగా అంతరించలేదు. చైనా, జపాను దేశాలవారు వందల సంవత్సరాలుగా బంగారు చేపలను పెంచి చిత్రవిచిత్రమైన రూపాలను తీశారు. వీరందరికీ చేతివాటం తెలుసు. ఏ జతను కలిపితే మేలో అనుభవం చెప్పేది. అయితే తాతలో ఉండి తండ్రిలో మాయమైన రంగు మనుమనిలో ఎందుకు తిరిగి వస్తుందో వీరిలో ఎవరూ చెప్పలేకపోయారు. తల్లిదండ్రుల గుణాలు పాలూ నీళ్ళవలె పిల్లలలో కలిసిపోతాయని పందొమ్మిదవ శతాబ్దంలో పండితులు సైతం నమ్మారు. అదే నిజమైతే కొన్ని తరాలకు లోకంలోని పావురాలన్నీ ఒకే రంగుకు రావాలి. రాలేదన్న సంగతి ప్రతి పావురాల గూటిలోను కనబడుతూనే ఉన్నది.

మెండెల్ 1822వ సంవత్సరం జూలై మాసంలో, నాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని సైలీషియా ప్రాంతంలో, హైన్‌జెన్‌డార్ఫ్ అనే చిన్న పల్లెలో జన్మించాడు. ఇప్పుడా పల్లె చెక్ దేశంలో హించిత్సే అన్న పేరుతో ఉన్నది. గంగానది మత్స్యాలను గూర్చి హామిల్టన్ అనే స్కాట్లండు వైద్యోద్యోగి రచించిన గ్రంథం వెలువడినదీ ఆ సంవత్సరమే. మన తొట్టెలలో చారలతో పరుగులు తీసే జీబ్రా చేపకు శాస్త్రనామం ఆ గ్రంథంలోనే లభించింది. ఈ చేప ప్రస్తావన చివరలో మరల వస్తుంది కనుక ఇక్కడ సూచించి ముందుకు సాగుతాము.

తల్లిదండ్రులు పెట్టిన పేరు యోహాన్. తండ్రి ఆంటన్ చిన్న రైతు. వారానికి మూడు దినాలు భూస్వామి పొలంలో వెట్టి చేయవలసిన బాధ్యత ఆయన నెత్తిమీద ఉండేది. తెలంగాణ పల్లెల చరిత్ర ఎరిగిన మన పాఠకులకు వెట్టి అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. తల్లి రోజీన్ తోటమాలి వంశంలో పుట్టినది. వెరోనికా అనే అక్క, థెరీసియా అనే చెల్లెలు. ఆ ఊరి మతగురువు ష్రైబర్ పండ్ల చెట్ల అంట్లు కట్టడంలో నేర్పరి. బడిపిల్లలకు కూడా ఆ విద్య నేర్పేవాడు. యోహానుకు మొక్కల మీద ప్రీతి ఆ విధంగా అంకురించింది.

బాలుడు తెలివిగలవాడని గుర్తించి పెద్ద చదువులకు పంపారు. ఓపవ పట్టణంలో చదువుకునే రోజులలో ఇంటినుండి వచ్చే తిండి చాలక అర్ధాకలితో గడపవలసి వచ్చేది. 1838లో అడవిలో వెట్టిపని చేస్తుండగా తండ్రి మీద చెట్టు పడింది. ఆ దెబ్బనుండి ఆయన మరి కోలుకోలేదు. పదహారేండ్ల యోహాను ఇతర విద్యార్థులకు పాఠాలు చెప్పి పొట్ట పోసుకోవలసి వచ్చింది. కొంతకాలం జబ్బుపడి చదువు మానుకొని ఇంటిపట్టున ఉన్నాడు. చదువు అక్కడితో ముగిసిపోవలసినదే. ఆ సమయంలో చెల్లెలు థెరీసియా ముందుకు వచ్చి, తన పెండ్లికై కేటాయించిన కట్నపు సొమ్ములో కొంత భాగాన్ని అన్నగారి చదువుకు వదలుకొన్నది. ఓలొమోత్స్ విద్యాలయంలో ఆయన చదువు దానితో సాగింది. అనువంశికశాస్త్రం అనే మహాసౌధానికి మొదటి ఇటుక ఒక పల్లెటూరి ఆడపిల్ల కట్నమని మేము భావిస్తాము. చరిత్ర గ్రంథాలు ఆమెకు ఒక్క వాక్యం మించి ఇవ్వవు. మెండెల్ మాత్రం ఆ ఋణాన్ని మరువలేదు. తదనంతరకాలంలో ఆమె కుమారుల విద్యాభారాన్ని తాను వహించాడు. వారిలో ఇద్దరు వైద్యులైనారు.

1843లో, తన ఇరువది ఒకటవ ఏట, భౌతికశాస్త్ర ఆచార్యుడు ఫ్రాంజ్ సిఫారసుపై బ్రనో నగరంలోని సెయింట్ థామస్ మఠంలో ఆయన చేరాడు. గ్రెగర్ అనే పేరు అక్కడ వచ్చినదే. దైవభక్తితో పాటు, రేపటి భోజనాన్ని గురించిన దిగులు తీరుతుందన్న ఆశ కూడా ఆయనను మఠానికి నడిపించిందన్న మాటను ఆయన ఎన్నడూ దాచలేదు. అందులో తప్పేమున్నది? ఆ మఠం జపతపాలకే పరిమితమైనది కాదు. గొప్ప గ్రంథాలయం, ఉద్యానవనం, తత్త్వశాస్త్రంలోను సంగీతంలోను ఆరితేరిన సాధువులు అక్కడ ఉండేవారు. మఠాధిపతి నాప్ దూరదృష్టి గలవాడు. బ్రనో ఆనాడు ఉన్నివస్త్రాలకు పేరుపడిన పట్టణం. మేలిరకం గొర్రెలను ఎలా తీయాలన్నది అక్కడి వర్తకులకు కడుపుకు సంబంధించిన సమస్య. గొర్రెలు పెంచేవారి సభలలో నాప్ పాల్గొని, అసలు సంతతికి సంక్రమించేది ఏమిటి, ఎలా సంక్రమిస్తుంది అని 1830లలోనే ప్రశ్నించినట్లు తెలుస్తున్నది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవాడు ఆయన గూటికే శిష్యుడుగా వచ్చి చేరాడు.

మెండెల్ మత గురుత్వంలో ఇమడలేకపోయాడు. రోగుల పడకల వద్దకు వెళ్ళవలసి వస్తే తానే జబ్బుపడేవాడు. నాప్ ఇది గ్రహించి 1849లో ఆయనను జ్నోయ్‌మో పట్టణపు పాఠశాలకు తాత్కాలిక ఉపాధ్యాయునిగా పంపాడు. బోధనలో మంచి పేరు వచ్చింది. కాని ఉద్యోగం స్థిరపడాలంటే అర్హత పరీక్షలో నెగ్గాలి. 1850లో ఆ పరీక్షలో తప్పాడు. దీనివల్ల ఒక మేలు జరిగింది. లోటు తీర్చుకొని రమ్మని మఠం ఆయనను 1851లో వియన్నా విశ్వవిద్యాలయానికి పంపింది. శబ్దతరంగాల విషయంలో నేటికీ పేరు వినబడే డాప్లర్ వద్ద ప్రయోగవిధానాన్ని, ఎటింగ్స్‌హౌసన్ వద్ద సంయోగాల గణితాన్ని, ఉంగర్ వద్ద వృక్షశాస్త్రాన్ని అభ్యసించాడు. వృక్షశాస్త్రజ్ఞులకు ఆనాడు లెక్కలు పట్టవు. లెక్కల పండితులకు మొక్కలు పట్టవు. ఈ రెండు విద్యలూ ఒక్క తలలో కలియడమే విశేషం. తిరిగివచ్చి 1854 నుండి బ్రనో పాఠశాలలో బోధించాడు. 1856లో మరల పరీక్షకు వెళ్ళి, మధ్యలోనే అస్వస్థుడై వెనుదిరిగాడు. పదునాలుగేండ్లు ఆ బడిలో పనిచేసి, చివరివరకు తాత్కాలిక పంతులుగానే మిగిలిపోయాడు.

ఆ 1856లోనే మఠం పెరటిలో, సుమారు 35 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు గల మడిలో, ప్రపంచ ప్రసిద్ధమైన ఆ ప్రయోగాలు మొదలైనాయి. అంతకుముందే వర్తకులనుండి 34 రకాల బఠాణీ విత్తనాలు తెప్పించి, రెండేండ్లు పెంచి పరీక్షించి, నిక్కమైన 22 రకాలను ఏరుకొన్నాడు. ఏడు లక్షణాలను ఎన్నుకొన్నాడు: గింజ గుండ్రనా ముడతలా, పసుపా ఆకుపచ్చా, మొక్క పొడుగా పొట్టా, పూవు ఊదా తెలుపా ఇత్యాదులు. పూమొగ్గను విప్పి, కేసరాలను తుంచివేసి, వేరొక మొక్క పుప్పొడిని కుంచెతో కీలాగ్రానికి అద్ది, గుడ్డసంచి కప్పేవాడు. తండ్రి ఎవరో రూఢిగా తెలియని గింజ ఒక్కటి కూడా లెక్కలోకి రాకూడదన్నది ఆయన నియమం. ఎనిమిదేండ్లలో సుమారు 28,000 మొక్కలను ఆయన పరిశీలించాడు.

గుండ్రని గింజల రకాన్ని, ముడతల రకాన్ని సంకరపరచగా మొదటి తరంలో అన్నీ గుండ్రనివే వచ్చాయి. ముడత నశించిందా? ఆ తరాన్ని వాటిలో వాటికే ఫలదీకరణం కానిచ్చి రెండవ తరం గింజలను లెక్కించాడు: గుండ్రనివి 5,474, ముడతలవి 1,850. పసుపు గింజలు 6,022, ఆకుపచ్చవి 2,001. ఏ లక్షణం తీసుకొన్నా మూడింటికి ఒకటి. మాయమైనదనుకొన్న గుణం చెక్కుచెదరకుండా తిరిగివచ్చింది! అంటే ప్రతి జీవిలోను ఒక్కొక్క లక్షణానికి రెండేసి కారకాలుంటాయి. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి. రెండూ భిన్నమైనప్పుడు ఒకటి పైకి కనబడుతుంది, రెండవది లోపల దాగి ఉంటుంది. పాఠ్యగ్రంథాలలో వీటిని బహిర్గత, అంతర్గత లక్షణాలంటున్నాము. సంతతికి బీజం ఏర్పడేటప్పుడు ఆ రెండు కారకాలూ విడిపోయి ఒక్కటే వెళుతుంది. ఏది వెళ్ళినా సమానావకాశమే, నాణెం ఎగురవేసినట్టు.

ఆయన అక్కడ ఆగలేదు. రెండవ తరంలోని గుండ్రని గింజలన్నీ ఒకే కోవకు చెందినవా అన్న సందేహం వచ్చి, వాటినుండి 565 మొక్కలు పెంచాడు. 193 మొక్కలు గుండ్రని గింజలనే ఇచ్చాయి. 372 మొక్కలు రెండు విధాలవీ ఇచ్చాయి. కంటికి ఒకేవిధంగా కనబడేవాటిలో మూడింట ఒకవంతు మాత్రమే శుద్ధమైనవి, మిగతావి లోపల వేరొక గుణాన్ని మోస్తున్నవి. మా అభిప్రాయంలో మెండెల్ ప్రతిభ మూడింటికొకటి అన్న నిష్పత్తికంటె ఈ మూడవ తరపు లెక్కలోనే ఎక్కువగా వ్యక్తమవుతున్నది. చేపలు పెంచేవారికి పనికివచ్చేదీ ఇదే. రెండు లక్షణాలను కలిపి చూచినప్పుడు 556 గింజలలో 315, 108, 101, 32 చొప్పున నాలుగు విధాలు వచ్చాయి. తొమ్మిది, మూడు, మూడు, ఒకటి అన్న పద్ధతి. ఆయన లెక్కలు మరీ అచ్చంగా సరిపోయాయని 1936లో ఫిషర్ అనే గణాంకశాస్త్రజ్ఞుడు అనుమానం వెలిబుచ్చాడు. దానిపై వాదోపవాదాలు జరిగినవి గాని, సూత్రం తప్పని ఎవరూ అనలేదు.

1865 ఫిబ్రవరి 8, మార్చి 8 తేదీలలో బ్రనో ప్రకృతిశాస్త్ర సంఘ సభలలో మెండెల్ తన ఫలితాలను చదివి వినిపించాడు. శ్రోతలు మర్యాదగా విన్నారు. చర్చించదగిన విషయమని వారికి తోచలేదు. మరుసటి సంవత్సరం వ్యాసం అచ్చయింది. 40 ప్రతులు తెప్పించుకొని పండితులకు పంపాడు. వారిలో మ్యూనిక్ ఆచార్యుడు నేగెలీ ఒక్కడే ఉత్తరప్రత్యుత్తరాలు సాగించాడు. ఆయన బఠాణీలను విశ్వసించక, తాను అభిమానించే హాక్‌వీడ్ అనే గడ్డిపూల మొక్కపై ప్రయోగించమని ప్రోత్సహించాడు. ఆ మొక్క తండ్రి ప్రమేయం లేకుండానే గింజలు కట్టే రకమని ఆనాడు ఎవరికీ తెలియదు. మెండెల్ అద్దాలు, భూతద్దాలు పెట్టుకొని సూదిమొనంత పూలతో కుస్తీ పట్టి, కండ్లు చెడగొట్టుకొని, సూత్రానికి లొంగని ఫలితాలతో మిగిలిపోయాడు. చంద్రకాంత పూలమీద చేసిన ప్రయోగాలు మాత్రం ఆయనను నిలబెట్టాయి. ఎలుకల రంగులమీద కూడా ఆయన ప్రయోగాలు మొదలుపెట్టగా, సన్యాసికి జంతువులను జతపరచే పని తగదని పై మతాధికారి ఆక్షేపించాడని ఒక అనుశ్రుతి ఉన్నది.

1868లో నాప్ స్థానంలో మెండెల్ మఠాధిపతిగా ఎన్నికైనాడు. ఇక తోటకు తీరిక చిక్కలేదు. 1874లో ప్రభుత్వం మఠాలపై పన్ను విధించగా అది అన్యాయమని ఆయన నమ్మి, చెల్లించనని భీష్మించి, చివరి దశాబ్దమంతా అర్జీలతోను వాదాలతోను గడిపాడు. ప్రభుత్వం మఠం ఆస్తులను జప్తు చేసింది. మిత్రులు ఒక్కొక్కరే దూరమైనారు. తేనెటీగలు, వాతావరణ పరిశీలన మాత్రమే ఆయనకు మిగిలిన ఊరట. 1870లో బ్రనోను తాకిన సుడిగాలిని ఆయన శాస్త్రీయంగా వర్ణించాడు. జీవించి ఉండగా ఆయనకు కొద్దో గొప్పో పేరుంటే అది వాతావరణ శాస్త్రంలోనే. 1884 జనవరి 6న మూత్రపిండాల వ్యాధితో కన్నుమూశాడు. ప్రార్థన సంగీతాన్ని నిర్వహించినవాడు తరువాతి కాలంలో విఖ్యాతుడైన యానాచెక్. తరువాతి మఠాధిపతి ఆయన కాగితాలలో చాలావాటిని అగ్నికి ఆహుతి చేయించాడు.

1900లో హాలండులో డి వ్రీస్, జర్మనీలో కోరెన్స్, ఆస్ట్రియాలో చెర్మాక్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞుల కృషివల్ల ఆ వ్యాసం మరల వెలుగుచూచింది. ఇది మొక్కలకే వర్తిస్తుందా, జంతువులకు కూడానా అన్న ప్రశ్నకు 1902లోనే ఇంగ్లండులో బేట్‌సన్ కోళ్ళతోను, ఫ్రాన్సులో క్యూనో ఎలుకలతోను జవాబిచ్చారు. అటుపిమ్మట చేపల వంతు.

జపాను వరిమళ్ళలో మెడకా అనే చిన్న చేప ఉన్నది. అడవి మెడకా గోధుమ వర్ణం. తొట్టెలలో నారింజ ఎరుపు, తెలుపు రకాలు ప్రసిద్ధం. 1916లో టొయామా ఈ రంగులు మెండెల్ సూత్రాన్ని అనుసరిస్తాయని చూపాడు. 1921లో అయిదా మరొక వింతను ప్రకటించాడు. ఎరుపునిచ్చే కారకం లింగాన్ని నిర్ణయించే క్రోమోజోముల మీదనే ఉన్నది. తెల్ల ఆడచేపను, వై క్రోమోజోము మీద మాత్రమే ఎరుపు కారకం గల మగచేపతో జతపరిస్తే కొడుకులందరూ ఎరుపు, కూతుళ్ళందరూ తెలుపు. వ్యత్యయం అత్యంత అరుదు. రంగు చూచి ఆడమగ చెప్పవచ్చునన్నమాట. ఇంచుమించు అదే సమయంలో డెన్మార్కులో ష్మిట్, వింగె అనే శాస్త్రజ్ఞులు గప్పీలను పరిశీలించి, మగచేప రెక్కమీది నల్లమచ్చ తండ్రినుండి కొడుకుకే సంక్రమిస్తుందని 1920, 1922 సంవత్సరాలలో నిరూపించారు. కనుక వ్యాసారంభంలోని ప్రశ్నకు సగం సమాధానం ఇది: గప్పీ కొడుకు అందాలలో కొన్ని తండ్రి సొత్తు. మిగతా సగం తల్లివద్ద ఉన్నది. బూడిద రంగులో వెలవెలబోయే ఆ తల్లి తన ఎక్స్ క్రోమోజోముల మీద ఎన్నో వన్నెలను దాచుకొని ఉంటుంది. అవి ఆమెలో కనబడవు, కొడుకులలో వెలుగుతాయి. తోక అందం చూచి మగచేపకు వెల కట్టి, ఆడచేపను ఉచితంగా చేతిలో పెట్టే వర్తకులు ఇది గమనింపదగును.

గోధుమ బూడిద రంగు గప్పీకి, బంగారు రంగు గప్పీకి గల భేదం సరిగ్గా బఠాణీ వంటిదే. బూడిద బహిర్గతం, బంగారు అంతర్గతం. ఈ రెంటినీ జతపరిస్తే పిల్లలన్నీ బూడిదే. నిరాశపడి వాటిని పారవేయరాదు. వాటిలో అన్నాచెల్లెండ్రను కలిపితే నాలుగింట ఒకటి బంగారు రంగులో వస్తుంది. నలభై పిల్లలలో పది అని లెక్క; నిజానికి ఏడో పదమూడో వచ్చినా లెక్క తప్పినట్లు కాదు. నాణెం ఎగురవేసినవారందరికీ ఇది తెలుసు. ఒక బూడిద చేప శుద్ధమైనదా, బంగారును దాచుకొన్నదా తెలియాలంటే దానిని బంగారు చేపతోనే జతపరచాలి. ఒక్క బంగారు పిల్ల పుట్టినా గుట్టు రట్టవుతుంది. వరుసగా ఆరు బూడిద పిల్లలే పుడితే, అయినా అది దాచుకొన్నదై ఉండి మనం మోసపోయే అవకాశం అరవైనాలుగింట ఒకటి; పది పుడితే వెయ్యిన్ని ఇరవైనాలుగింట ఒకటి.

కొన్ని రంగులు ఒకదానినొకటి కప్పివేయక మధ్యస్థంగా నిలుస్తాయి. ఫైటర్ చేపలలో ఆకుపచ్చ మెరుపు గలదానిని ఉక్కు రంగుదానితో జతపరిస్తే పిల్లలన్నీ నీలం. నీలానికి నీలం కలిపితే నాలుగింట ఒకటి ఆకుపచ్చ, రెండు నీలం, ఒకటి ఉక్కు. నీలం జాతిని స్థిరపరచాలని తరతరాలుగా నీలాన్నే ఏరుకొనేవారు ఎందుకు విఫలులవుతున్నారో దీనివల్ల స్పష్టమవుతుంది. ఆ నీలం ఎన్నటికీ శుద్ధం కాదు. నీలమే కావలసినవారు ఆకుపచ్చనూ ఉక్కునూ వేరువేరుగా ఉంచుకొని కలుపుకోవాలి. చైనా శాస్త్రజ్ఞుడు చెన్ 1928లో బంగారు చేపలలో ఇదే నిరూపించాడు. పొలుసులు లోహంవలె మెరిసే చేపకు, మెరుపు లేని పారదర్శకమైన చేపకు పుట్టినవన్నీ కాలికో అనే చుక్కల చేపలు. రెండు కాలికోలను కలిపితే సగమే కాలికోలు. 1934లో ఆయనే గోధుమ రంగు బంగారు చేపకు నాలుగు జతల అంతర్గత కారకాలు ఒకేచోట కూడాలని కనుగొన్నాడు. అనగా రెండవ తరంలో 256లో ఒక్కటి. పదిపిల్లల్లో గోధుమ రంగు రాలేదని ఆవంశమే చెడ్డదనుకొనే తొందరపాటుకు ఈ సంఖ్య మంచి మందు.

ప్రయోగం చేయదలచిన విద్యార్థులకు రెండు మూడు జాగ్రత్తలు చెప్పవలసి ఉన్నది. గప్పీ ఆడచేప ఒక్కసారి మగచేపతో కలిస్తే ఆ బీజాన్ని మాసాల తరబడి దాచుకొని, మగతోడు లేకుండానే అనేక ఈతలు ఈనుతుంది. అంగడిలో కొన్న పెద్ద ఆడచేప పిల్లలకు తండ్రి ఎవరో దేవునికే ఎరుక. కనుక మూడు నాలుగు వారాల పిల్లలుగా ఉన్నప్పుడే, మగవాటి క్రింది రెక్క సన్నబడడం మొదలుకాగానే వేరుచేయాలి. మెండెల్ మొగ్గలో కేసరాలు తుంచిన పనికి ఇది సమానం. బంగారు చేప పిల్లలు పుట్టినప్పుడు కంచు రంగులో ఉండి, పెరిగిన తరువాత రంగు మారతాయి. ముందుగా లెక్కిస్తే లెక్క తప్పుతుంది. గప్పీ నారింజ మచ్చలు తినే ఆహారంపై కూడా ఆధారపడతాయి. ఇక గాజుచేప అనే మన దేశపు పారదర్శక మత్స్యానికి సూదితో రంగు ఎక్కించి అమ్మే దురాచారమొకటి ఉన్నది. ఆ రంగు కొద్దికాలానికి వెలిసిపోతుంది. దాని సంతతికి ఇసుమంతయు రాదు. అటువంటివి కొనరాదని మా మనవి. రెండు గాజుతొట్టెలు, నాలుగు గప్పీలు, ఒక నోటుపుస్తకం ఉంటే జీవశాస్త్ర విద్యార్థులు ఏడాదిలోగా మూడు తరాలను స్వయంగా లెక్కించగలరు. కళాశాల కార్యవర్గంవారు ఈ స్వల్ప వ్యయాన్ని గూర్చి ఆలోచించవలెనని కోరుతున్నాము. బోర్డుమీద గీచిన గళ్ళపట్టికను కంఠస్థం చేసిన విద్యార్థి పరీక్షలో నెగ్గుతాడు. చేపలను లెక్కించిన విద్యార్థి ఆ పట్టికను తానే గీయగలడు.

రంగు కోసం చేసే సంకరం ఎల్లప్పుడూ నిరపాయకరం కాదు. మెక్సికో దేశపు మచ్చల ప్లాటీని కత్తితోక చేపతో సంకరపరచి, ఆ సంతతిని మరల కత్తితోకతో కలిపితే, పిల్లలలో సుమారు నాలుగింట ఒకదానికి నల్లమచ్చ ప్రాణాంతకమైన పుట్టకురుపుగా మారుతుంది. 1920ల చివర న్యూయార్కులో గోర్డన్, జర్మనీలో కాస్‌విగ్ వేరువేరుగా దీనిని పరిశీలించారు. క్యాన్సరుకు అనువంశిక కారణముండవచ్చునన్న భావనకు ఈ అలంకారపు చేపలు తొలి ఆధారాలలో ఒకటైనాయి. మెండెల్ లెక్క ఆ విధంగా అలంకారపు తొట్టెనుండి ఆసుపత్రికి దారితీసింది.

జన్మించి రెండు వందల సంవత్సరాలు నిండుతున్న సందర్భంలో, 2021లో బ్రనో శ్మశానవాటికలోని మఠవాసుల సమాధిని తెరచి, మెండెల్ అస్థికలను గుర్తించి, ఆయన జన్యుక్రమాన్ని శాస్త్రజ్ఞులు చదివారు. కాగితాలు కాలిపోయినా ఆ వ్రాత మిగిలి ఉన్నది.

ఇక జీబ్రా చేప సంగతి. చారలు పాలిపోయి లేత పసిమి రంగులో ఉండే జీబ్రా చేపలను బంగారు జీబ్రాలంటారు. ఇదికూడా అంతర్గత లక్షణమే. రెండు మామూలు చేపలకు నాలుగింట ఒకటిగా పుట్టగలదు. 2005లో అమెరికా శాస్త్రజ్ఞులు ఆ జన్యువును పట్టుకొన్నారు. అదే జన్యువు మనుష్యులలోను ఉన్నది. యూరపు ప్రజల లేత చర్మపు రంగుకు కారణాలలో అది ముఖ్యమైనదని తేలింది. 2013లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కూడా భాగస్వాములైన ఒక పరిశోధన మన ఉపఖండపు ప్రజలలో ఆ జన్యువును పరిశీలించింది. పెండ్లిచూపులలో పిల్ల ఛాయను గూర్చి వంక పెట్టే బంధువర్గం మన సమాజాలన్నిటిలోను ఉన్నదే గదా. వారు వెదికే ఆ లేత ఛాయలో కొంత భాగం, జన్యువులోని ఒక్క అక్షరం మారడంవల్ల కలిగినది. దక్షిణాసియావారిలోను యూరపువారిలోను కనబడే ఆ మార్పు వేరువేరుగా పుట్టినది కాదనీ, ఒకే పూర్వీకుని నుండి ఉభయులకూ సంక్రమించినదనీ ఆ పరిశోధన తేల్చింది.